మేడెక్కిన ఓడ

మలక్‌పేటకూ సముద్రానికీ ఉన్న చుట్టరికం ఒక్క రోడ్డుదే. ఇప్పుడు మెట్రో పట్టాల కింద నుంచి దిల్‌సుఖ్‌నగర్, ఎల్బీనగర్ మీదుగా సాగిపోయే ఆ దారిని వదలకుండా వెళ్తే విజయవాడ దాటి మచిలీపట్నంలో తేలుతాం. జాతీయ రహదారుల లెక్కలో ఒకప్పుడు దాని నంబరు 9, ఇప్పుడు 65. కుతుబ్‌షాహీల కాలంలో గోల్కొండ సరుకు ఓడెక్కాలన్నా మచిలీపట్నం రేవే పెద్ద దిక్కు. అదీ 300 కిలోమీటర్లకు పైమాటే!

అయినా ఓడలు ఈ ఊళ్లోకి వచ్చాయి. ఎలాగంటారా? ఇళ్ల గోడలెక్కి!

మలక్‌పేటలోనో, సైదాబాద్‌లోనో, మూసీ దాటి హిమాయత్‌నగర్‌లోనో 1940, 50ల నాటి మేడ ఒకటీ అరా మిగిలి కనిపిస్తే కాసేపు ఆగి చూడండి. మూల దగ్గర గోడ కోసుగా ఉండకుండా గుండ్రంగా వంపు తిరిగి ఉంటుంది. పైఅంతస్తు బాల్కనీకి పిట్టగోడ బదులు అడ్డంగా రెండు మూడు వరసల ఇనుప గొట్టాలుంటాయి. మెట్ల దగ్గర పళ్లెమంత గుండ్రటి కిటికీ. ఇల్లంతా నడుంపట్టీలా చుట్టివచ్చే సన్నటి సజ్జ. అన్నిటికన్నా పైన జెండా కర్ర నిలపడానికి ఓ దిమ్మె. ఇవన్నీ ఒకే ఇంటికి ఉండకపోవచ్చు. రెండు మూడు ఉన్నా చాలు, పది అడుగులు వెనక్కి జరిగి చూస్తే అది ఇల్లులా కాదు, రేవులో ఆగిన ఓడలా కనిపిస్తుంది.

అది కాకతాళీయం కాదు. ఆ వంపూ, ఆ గొట్టాలూ, ఆ గుండ్రటి కిటికీ... అన్నీ ఓడ నుంచి దిగినవే.

రేవు లేని ఊరికి...

మహాసముద్రాలు దాటే ప్రయాణికుల ఓడల మీద అప్పట్లో ప్రపంచానికి ఉన్న మోజు అంతా ఇంతా కాదు. ఓడలో పనికిరాని అలంకారానికి చోటుండదు, ఇల్లు కూడా అలాగే కట్టుకోవాలి అంటూ 1923లోనే ఓ పుస్తకంలో ఓడల ఫొటోలు వేసి మరీ చెప్పాడు కార్బూజియె. తర్వాతి రోజుల్లో చండీగఢ్ నగరానికి రూపమిచ్చిన ఆర్కిటెక్టు ఆయనే. ఆ గాలి బొంబాయికి తగిలింది. 1930, 40ల్లో మెరైన్ డ్రైవ్ పొడవునా లేచిన భవనాల్లో ఆ ఓడ వంపులు ఇప్పటికీ చూడొచ్చు. 2018లో యునెస్కో వాటిని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది కూడా.

బొంబాయికి వచ్చింది హైదరాబాద్‌కు రావడానికి ఎంతసేపు! ఇక్కడి నవాబులు, ఉద్యోగులు, విద్యార్థులు విదేశం వెళ్లాలంటే రైలెక్కి బొంబాయి పోయి ఓడెక్కాల్సిందే. 1931 నవంబరులో ఏడో నిజాం కొడుకులిద్దరికీ ఫ్రాన్స్‌లోని నీస్ నగరంలో పెళ్లిళ్లయ్యాయి. ఆ కొత్త కోడళ్లు దుర్రెషెహ్వార్, నీలోఫర్ హైదరాబాద్ కాపురానికి వచ్చింది 'పిల్స్‌నా' అనే ఇటలీ ఓడలోనే. డిసెంబరు 12న వెనిస్‌లో ఎక్కారు. రెండు రోజుల తర్వాత అదే ఓడ బ్రిండిసి రేవులో ఆగినప్పుడు ఇంకో ప్రయాణికుడు ఎక్కాడు. లండన్ రౌండ్ టేబుల్ సమావేశం ముగించుకుని వస్తున్న మహాత్మా గాంధీ!

గాంధీజీ వెళ్లేటప్పుడు ఎక్కింది 'రాజ్‌పుతానా'. అందులో ఆయనతోపాటు హైదరాబాద్ ఆడపడుచు సరోజినీ నాయుడు కూడా ఉన్నారు. గాంధీజీ తీసుకున్నది రెండో తరగతి టికెట్టు. పగలూ రాత్రీ ఎక్కువసేపు డెక్కు మీదే గడిపారు. ఆ టికెట్టు తరగతి సంగతి కాస్త గుర్తుపెట్టుకోండి. ఓడ అందం గురించి మాట్లాడుకుంటే చివరికి వచ్చి ఆగేది అక్కడే.

సముద్రాన్ని మరిపించే విద్య

అసలు ఆ ఓడల ఆకర్షణ ఏమిటి? ఒక్క ముక్కలో చెప్పాలంటే- సముద్రం మీద ఉన్నామన్న సంగతే మరిచిపోయేలా చేయడం.

1935లో నీళ్లలో తిరగడం మొదలుపెట్టిన ఫ్రెంచి ఓడ 'నార్మండీ' పొడవు 313 మీటర్లు. దాని రూపం గీసిన యూర్కెవిచ్ రష్యా నుంచి వలస వచ్చిన ఇంజినీరు. సాధారణంగా ఇంజిన్ల పొగగొట్టాలు ఓడ నడిమధ్యలో నుంచే పైకి లేస్తాయి. దాంతో పెద్ద హాళ్లు కట్టడానికి అడ్డం. నార్మండీలో వాటిని రెండుగా చీల్చి పక్క గోడల్లో నుంచి పైకి తీసుకెళ్లారు. అప్పుడు దొరికిన జాగాలో కట్టిన భోజనశాల పొడవు 93 మీటర్లు. వర్సైల్స్ రాజప్రాసాదంలోని అద్దాల మందిరం కన్నా పెద్దది! 700 మంది ఒకేసారి కూర్చుని తినేవారు. అందులో ఒక్క కిటికీ కూడా సముద్రం వైపు లేదు. వెలుగంతా గాజు దీపస్తంభాలదే. అంత వైభవమూ 1942 ఫిబ్రవరిలో న్యూయార్క్ రేవులో మంటల పాలైంది.

మన దేశానికి వచ్చే ఓడల సమస్య వేరు. ఎర్రసముద్రం ఎండలో ఇనుప ఓడంటే పెనమే. అందుకే పీ అండ్ ఓ కంపెనీ 1931లో దింపిన 'స్ట్రాత్‌నేవర్', ఆ తర్వాత వచ్చిన 'స్ట్రాత్‌ఎయిర్డ్'లకు నల్లరంగు మానేసి తెల్లరంగు వేసింది. వేడి తగ్గింది, అందమూ పెరిగింది. జనం వాటిని తెల్ల అక్కచెల్లెళ్లు అని పిలుచుకున్నారు. ఇక గదుల్లోకి గాలి ఎలా? పైకప్పులో చిన్న గుండ్రటి గాలిమూతులు పెట్టారు. చేత్తో తిప్పితే ఎటు కావాలంటే అటు గాలి. వాటి పేరు 'పంఖా లూవర్'. మన పంఖా మాటే! ఈరోజు విమానంలోనో, ఏసీ బస్సులోనో సీటు మీద చెయ్యి చాచి తిప్పుకునే గాలిమూత వాటి మనవరాలే.

అన్నట్టు, ఆ తెల్ల ఓడలకు మూడేసి పొగగొట్టాలుండేవి. పనిచేసేది మాత్రం మధ్యది ఒక్కటే. మిగతా రెండూ ఉత్తుత్తివి! పొగగొట్టాలు ఎన్ని ఎక్కువుంటే ఓడ అంత బలమైనదని జనం నమ్మకం. టైటానిక్ నాలుగో గొట్టం, నార్మండీ మూడోదీ అలాంటివే. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత స్ట్రాత్ ఓడల మీద నుంచి ఆ ఉత్తుత్తి గొట్టాలు పీకేశారు. ఓడ వేగం రవ్వంత కూడా తగ్గలేదు!

మరో సరదా సంగతి. గొప్పింటి తీరును 'పోష్' అంటాం కదా. ఇండియా వచ్చేటప్పుడు ఓడ ఎడమ పక్క, తిరిగి వెళ్లేటప్పుడు కుడి పక్క చల్లగా ఉంటుందనీ, డబ్బున్నవాళ్లు ఆ గదులే అడిగేవారనీ, 'పోర్ట్ అవుట్, స్టార్‌బోర్డ్ హోమ్' అన్న నాలుగు మాటల మొదటి అక్షరాలు కలిపితే పోష్ పుట్టిందనీ చెబుతారు. వినడానికి బాగుంది గానీ, అలా ముద్రించిన టికెట్టు ఇంతవరకూ ఎక్కడా దొరకలేదు. నీడ పక్క గదికి గిరాకీ ఉండటం మాత్రం అర్థం చేసుకోదగ్గదే.

కళ్లెదుటే ఉండీ కనపడని మెట్లు

యుద్ధం ముగిశాక ఓడల తీరు మారింది. నగిషీలు తగ్గాయి, నున్నటి గీతలు వచ్చాయి. 1952లో వచ్చిన అమెరికా ఓడ 'యునైటెడ్ స్టేట్స్' దీనికి పరాకాష్ఠ. దాన్ని రూపొందించిన గిబ్స్‌కు నిప్పంటే భయం. అందుకే ఓడలో చెక్క వాడనివ్వలేదు. పియానో, వంటశాలలో మాంసం కొట్టే మొద్దు- చెక్కతో ఉన్నవి దాదాపు అవే. పైభాగమంతా అల్యూమినియం. ఆ తేలికతనంతో మొదటి ప్రయాణంలోనే అట్లాంటిక్‌ను 3 రోజుల 10 గంటల 40 నిమిషాల్లో దాటేసింది. సగటున గంటకు 65 కిలోమీటర్ల పైచిలుకు వేగం!

1961లో వచ్చిన 'కాన్‌బెరా' ఇంకో అడుగు ముందుకేసింది. ఇంజిన్లను ఓడ తోక దగ్గరకు నెట్టేసి మధ్యలోని మంచి జాగానంతా మనుషులకు వదిలింది. గదులను మెట్లు మెట్లుగా వెనక్కి జరిపి, లోపలి గదికీ పగటి వెలుగు అందేలా చేసింది. మన పాత మండువా ఇంటి ఉపాయమే, ఓడలో!

వీటన్నిటిలోకీ తమాషా అయినది 1959 నాటి డచ్ ఓడ 'రోటర్‌డామ్'లోని మెట్లదారి. మొదటి తరగతి వాళ్లకో మెట్లవరస, టూరిస్టు తరగతి వాళ్లకో మెట్లవరస. రెండూ ఒకే చోట ఒకదానిలో ఒకటి పెనవేసుకుని ఉంటాయి. కానీ ఒకదానిమీద ఎక్కేవాళ్లకు రెండోదానిమీద దిగేవాళ్లు కనిపించరు! రోజుల తరబడి ఒకే ఓడలో ఉన్నా పైతరగతి వాళ్లూ కిందితరగతి వాళ్లూ ఎదురుపడరు. రోటర్‌డామ్ విహారయాత్రకు బయల్దేరినప్పుడు మాత్రం తేడాల్లేకుండా మెట్లన్నీ అందరివీ. అంటే తరగతి అన్నది ఓ తలుపు తెరిస్తే ఉంటుంది, ఇంకోటి తెరిస్తే పోతుంది.

ఓడల డిజైన్‌లో అసలు కిటుకు ఇదే. సముద్రాన్ని మరిపించడం ఒక్కటే కాదు, పక్కవాణ్ని కూడా మరిపించడం.

చాప పరిచినంత మేర

మరి మన తెలుగువాళ్లలో ఎక్కువమంది ఎక్కిన ఓడ ఏది? నార్మండీ కాదు, కాన్‌బెరా కాదు. పేరు చెబితే మలేసియాలో పెద్దవాళ్లు ఇప్పటికీ గుర్తుపట్టే 'రజులా'. 1926లో గ్లాస్గోలో కట్టారు. మద్రాసు, నాగపట్నం నుంచి పెనాంగ్, పోర్ట్ స్వెట్టెన్‌హామ్, సింగపూర్‌లకు దాదాపు యాభై ఏళ్లు తిరిగింది. పొడవులో నార్మండీకి సగం కూడా లేని ఈ ఓడకు మొదట్లో ఎంతమందిని ఎక్కించుకోవడానికి అనుమతి ఉందో తెలుసా? 5 వేల మందికి పైగా! వాళ్లలో గదులున్నవాళ్లు కొద్దిమందే. మిగతా అందరూ డెక్కు ప్రయాణికులు. చాప పరిచినంత మేర వాళ్లది. పక్కన ట్రంకు పెట్టె, దానిమీద మూట. పెట్టే సరిహద్దు, పెట్టే దిండు. పెరాక్‌లో బగన్ దాతో లాంటి చోట్ల కొబ్బరితోటల్లో స్థిరపడిన తెలుగు కుటుంబాల కథలు మొదలయ్యేది ఇలాంటి చాపల మీదే.

అంతకుముందు ఉత్తరాంధ్ర, గోదావరి జిల్లాల నుంచి రంగూన్‌కు పోయినవాళ్లదీ ఇదే దారి. కాకినాడలోనో, విశాఖలోనో స్టీమరు ఎక్కితే మూడు నాలుగు రోజుల్లో అక్కడ తేలేవారు. శ్రీకాకుళం పల్లెల్లో రంగూన్ అనేవారు కాదు, 'రంగం' అనేవారు. కాకినాడ పక్కనున్న కోరంగి రేవు పేరే బర్మాలో తెలుగువాళ్లకు పేరై కూర్చుంది. 1942లో జపాన్ సైన్యం రంగూన్‌ను పట్టుకునే వేళకు ఓడలో చోటు దొరికినవాళ్లు బతికి ఒడ్డున పడ్డారు. దొరకనివాళ్లు వేల సంఖ్యలో కొండలు, అడవులు దాటుకుంటూ కాలినడకన బయల్దేరారు. ఎందరో దారిలోనే పోయారు. ఓడ టికెట్టు అంటే అలా ప్రాణం ఖరీదు కూడా.

హైదరాబాద్ పాతబస్తీకి ఓడంటే ముందుగా గుర్తొచ్చేది హజ్ యాత్ర. మొగల్ లైన్ ఓడలు బొంబాయి నుంచి జెడ్డాకు వెళ్లేవి. వారం రోజుల పైచిలుకు ప్రయాణం. యలమ్లమ్ అనే చోటుకు సూటిగా ఓడ వచ్చిందని చెప్పగానే యాత్రికులంతా డెక్కు మీదే ఇహ్రామ్ తెల్లబట్టలు కట్టుకునేవారు. అప్పటిదాకా రకరకాల వేషాల్లో ఉన్న ఓడ ఒక్కసారిగా తెల్లబడిపోయేది. ఆ కాసేపు పైతరగతి ఎవరో కిందితరగతి ఎవరో బట్టలను బట్టి చెప్పలేరు. ముంబై-జెడ్డా ఓడ ప్రయాణం 1995తో ఆగిపోయింది.

అందం సంగతి సరే, భద్రత? టైటానిక్ మునిగాక అందరికీ సరిపడా ప్రాణరక్షక పడవలుండాలన్నారు. 1929లో దేశాలన్నీ కూర్చుని అంతర్జాతీయ ఒప్పందం రాసుకున్నాయి. కానీ వేలమందిని డెక్కు మీద ఎక్కించుకునే హజ్ ఓడలకు, వలసకూలీల ఓడలకు ఆ షరతులన్నీ పెడితే నడపలేమన్నారు. వాటికోసం సడలింపులతో వేరే నిబంధనలు తయారయ్యాయి. ఎక్కడో కాదు, మన సిమ్లాలోనే, 1931లో. పేరు కూడా సిమ్లా రూల్స్! వాటి స్థానంలో కొత్త ఒప్పందం రావడానికి 1971 దాకా ఆగాల్సి వచ్చింది. ఒకే సముద్రం, ఒకే తుపాను. పై గదికి ఒక లెక్క, డెక్కుకు ఇంకో లెక్క.

వారాలను గంటలు మింగేశాయి

ఈ ఓడలన్నిటినీ ఓడించింది ఏ తుపానో కాదు, జెట్ విమానం. 1958 అక్టోబరులో అట్లాంటిక్ మీద జెట్‌లు మొదలయ్యాయి. 1960లో ఎయిరిండియాకూ బోయింగ్ 707లు వచ్చాయి. రెండు మూడు వారాల లండన్ ప్రయాణం గంటల్లోకి కుదించుకుపోయింది. లివర్‌పూల్-బొంబాయి మధ్య తిరిగిన యాంకర్ లైన్ ప్రయాణికుల ఓడలు 1966లో ఆగాయి. ఆ మరుసటి ఏడాది సూయెజ్ కాలువ మూతపడి 1975 దాకా తెరుచుకోలేదు. రావాల్సిన ఓడలు ఆఫ్రికా చుట్టూ తిరగాల్సి వచ్చింది. ఇంకెవరెక్కుతారు!

కొన్ని ఓడలు హోటళ్లయ్యాయి. 'క్వీన్ మేరీ' 1967 నుంచి కాలిఫోర్నియాలోని లాంగ్‌బీచ్‌లోనే ఉంది. దొంగమెట్ల రోటర్‌డామ్ తన పేరున్న ఊళ్లోనే హోటల్‌గా మారింది. రికార్డుల రాణి యునైటెడ్ స్టేట్స్ దశాబ్దాలపాటు ఫిలడెల్ఫియాలో తుప్పుపట్టాక, చేపలకు ఆవాసంగా ఫ్లోరిడా తీరంలో ముంచడానికని 2025లో లాక్కెళ్లారు. 1962లో ప్రపంచంలోనే పొడవైన ప్రయాణికుల ఓడగా వచ్చిన 'ఫ్రాన్స్' చివరి మజిలీ మన దేశమే. పేర్లు మార్చుకుంటూ 2006లో గుజరాత్‌లోని అలంగ్ తీరానికి చేరింది. అందులోని ఆస్బెస్టాస్ గురించి వివాదం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 2007లో కోర్టు అనుమతిచ్చాక ముక్కలు ముక్కలుగా కోశారు. ఒకప్పుడు సంపన్నులు నాట్యమాడిన ఓడను విప్పింది రోజుకూలీల చేతులు.

బొంబాయి నుంచి గల్ఫ్ రేవులకు 1982 దాకా తిరిగిన 'ద్వారక' అదృష్టం కాస్త మెరుగు. అటెన్‌బరో తీసిన 'గాంధీ' సినిమాలో మహాత్ముడు స్వదేశానికి తిరిగొచ్చే ఓడగా తెరమీద మిగిలింది. రజులాకు ఆపాటి భాగ్యం కూడా లేదు. 1973లో షిప్పింగ్ కార్పొరేషన్ కొని, అండమాన్ దీవుల్లోని ఓ ఊరి పేరు మీద 'రంగత్' అని పిలిచింది. మరుసటి ఏడాదికల్లా తుక్కు.

ఇప్పుడు మళ్లీ ఓడల ముచ్చట వినిపిస్తోంది. 2022 జూన్‌లో విశాఖకు విహార నౌక వచ్చినప్పుడు చూడటానికి జనం ఎగబడ్డారు. కానీ విహార నౌక వేరు, ఆనాటి లైనర్ వేరు. ఆనాటిది ఎక్కడికో చేర్చడానికి పుట్టింది. ఎంత తుపానులోనైనా చెప్పిన రోజుకు అవతలి రేవులో ఉండాలి. అందుకే కత్తిలాంటి ముక్కు, లోతైన అడుగు, మందపాటి రేకు. విహార నౌకకు తొందరేముంది! బయల్దేరిన చోటికే తిరిగి రావడం దాని పని. పాతకాలం పద్ధతిలో కట్టింది, ఇప్పటికీ తిరుగుతున్నది ఒక్కటే- 2004లో వచ్చిన 'క్వీన్ మేరీ 2'.

హైదరాబాద్‌లో ఓడ మేడలూ తరిగిపోతున్నాయి. గజం ధర పెరిగేకొద్దీ గుండ్రటి మూల పోయి, సెల్లార్‌లో పార్కింగున్న అపార్ట్‌మెంట్ వస్తోంది. కట్టుకున్నవాళ్ల అవసరాలు వాళ్లవి, తప్పుపట్టలేం. కాకపోతే ఆ మేడలు మనకు చూపించింది ఓడ పైఅంతస్తును మాత్రమే. నున్నటి వంపు, గాలి, కటకటాల పక్కన కుర్చీ. కింది డెక్కును ఎవరూ ఇల్లుగా కట్టుకోలేదు. కట్టుకోవడానికి అక్కడేముందని! చాపా, పెట్టే, చుట్టూ సముద్రం. దాన్ని మరిచిపోయే వీలు వాళ్లకు లేదు. అందుకేనేమో, ప్రయాణం గురించి అడిగితే పైగదుల వాళ్లు భోజనాల సంగతి చెబుతారు. డెక్కు మీద వెళ్లినవాళ్లు కెరటాల రంగుతో సహా చెబుతారు.

ఆ చాపలు ఏ మ్యూజియంలోనూ లేవు. కొన్ని ఇళ్ల అటకల మీద పెట్టెలు మాత్రం ఇంకా ఉన్నాయి. పాత బట్టల కింద తుప్పుపట్టిన గడియతో. అది ఏ రేవులో ఓడెక్కిందో, ఏ డెక్కు మీద ఎన్ని రాత్రులు దిండైందో ఇంట్లో పెద్దవాళ్లకు తెలిసే ఉంటుంది. వాళ్లు ఉండగానే అడిగి చూడండి.